ఏ 727 బరువెక్కువ?

మెల్‌బోర్న్‌లో చలికాలమంతా శనివారాలు ఫుటీవే. మనం టీవీలో చూసే సాకర్‌కూ దీనికీ పోలిక లేదు, రగ్బీతో అసలే లేదు. 1859లో మెల్‌బోర్న్ క్రికెట్ మనుషులు కొందరు కూర్చుని తమకు తాము రూల్స్ రాసుకున్న ఆట ఇది. కోడిగుడ్డు ఆకారపు బంతి, ఇంచుమించు అదే ఆకారపు మైదానం, పక్షానికి 18 మంది, రెండు చివరలా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండు స్తంభాల మధ్య నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే ‘బిహైండ్’, ఒక్కటే పాయింటు. 15 మీటర్లకు తగ్గకుండా గాల్లో వచ్చిన బంతిని నేల తాకకముందే పట్టేస్తే దాన్ని ‘మార్క్’ అంటారు. ఆ తర్వాత అతన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తీరిగ్గా గురి చూసుకుని తన్నుకోవచ్చు.

ఆ మార్కుల కోసమే ప్రతి జట్టూ పొడుగరులైన ఇద్దరు బలశాలుల్ని ముందు నిలబెడుతుంది. గోలు ఎదుట ఉండేవాడు ఫుల్ ఫార్వర్డ్. అతనికి చాలా ఇవతల, బంతి వచ్చే దారిలో ఉండేవాడు సెంటర్ హాఫ్ ఫార్వర్డ్. ఇద్దర్నీ కలిపి కీ ఫార్వర్డ్‌లంటారు.

వాదించుకున్నది ఒక వదిన, ఒక మరిది. ఇద్దరిదీ గుంటూరే. వదిన తొంభైల మధ్యలో పెళ్ళయి వచ్చి, వేవర్లీ వైపు కాపురం పెట్టి, అప్పట్లో అక్కడి మైదానంలో ఆడే హాథార్న్ జట్టు మనిషైపోయింది. మరిది చాలా ఏళ్ళ తర్వాత చదువుకని వచ్చి, నార్త్ మెల్‌బోర్న్‌లో అద్దెకు దిగి, అద్దెతోపాటు ఆ పేట జట్టునూ నెత్తికెత్తుకున్నాడు. పాత మ్యాచ్‌లన్నీ వీడియోల్లో చూసి కంఠతా పెట్టాడు. నేను వింటూ కూర్చున్నాను, ఒకటి రెండు చోట్ల నోరు ఊరుకోలేదు.

మరిది: ఆల్‌టైమ్ జట్టు రాద్దామన్నారు కదా వదినా. నా మొదటి పేరు వేన్ కేరీ, సెంటర్ హాఫ్ ఫార్వర్డ్. మిగతావాళ్ళను తర్వాత వెతుక్కుంటా. మీరు టోనీ లాకెట్ అంటారు, తెలిసిందే.

వదిన: నీకెలా తెలుసు? నా మొదటి పేరు జేసన్ డన్‌స్టల్.

మరిది: 1,360 గోల్స్‌తో అందరికన్నా పైనున్న లాకెట్‌ను వదిలేసి 1,254తో మూడో చోట ఉన్నాయనా? మధ్యలో 1,299తో కాలింగ్‌వుడ్ గోర్డన్ కొవెంట్రీ కూడా ఉన్నాడు. డన్‌స్టల్ మీ హాథార్న్ వాడనేగా! కాకిపిల్ల కాకికి ముద్దు.

వదిన: అట్లాగే అనుకో. లాకెట్ ఎందుకు కాదో చెప్తాలే. ముందు నీ కేరీ సంగతి తేలనీ. కీ ఫార్వర్డ్‌ను పెట్టుకునేది గోల్స్ కోసం. కేరీ మొత్తం ఎన్ని కొట్టాడు?

మరిది: 272 మ్యాచ్‌లు, 727 గోల్స్.

వదిన: పీటర్ హడ్సన్ ఎన్ని కొట్టాడో చూశావా? సరిగ్గా 727. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆడింది 129 మ్యాచ్‌లు. నీవాడు ఆడినదాంట్లో సగం కూడా కాదు. మ్యాచ్‌కు ఐదున్నర గోల్స్ పైనే పడతాయి, ఈ పోటీలో అంత సగటు ఇంకెవరికీ లేదు.

మరిది: ఆయనా హాథార్నే.

వదిన: ఏం చెయ్యను, మంచివాళ్ళంతా మా దగ్గరే పడ్డారు.

మరిది: సరే, రెండు 727లూ పక్కపక్కన పెట్టి చూద్దాం. హడ్సన్‌కు బంతి అందేది గోలుకు 20, 30 మీటర్ల దూరంలో. మీద ఒక్క డిఫెండరు. అక్కడ మార్క్ పడితే సగం గోల్ అయినట్టే. కేరీకి బంతి వచ్చేది అట్లా కాదు. మన గోలు దగ్గర చిక్కుల్లో పడ్డవాడు తల కూడా ఎత్తకుండా ఎటో అటు తన్నేస్తాడు. ఆ బంతి ఎత్తుగా, నెమ్మదిగా వస్తుంది, కిందకు దిగేసరికి ముగ్గురు కాచుకుని ఉంటారు. ఆ ముగ్గురి మధ్యలో కేరీ పట్టాలి. పట్టినా అక్కణ్ణుంచి గోలు 60 మీటర్లు, అంటే కొట్టలేడు, ముందున్నవాడికి అందించాలి. పట్టలేకపోతే కనీసం అవతలివాణ్ని పట్టనివ్వకుండా కింద పడెయ్యాలి, కాళ్ళ దగ్గర కాచుకున్న పొట్టివాళ్ళు ఏరుకుంటారు. ఇంత చేస్తే స్కోరుబోర్డు మీద పడే పేరు ఆ పొట్టివాడిది. కబడ్డీలో కూతకెళ్ళినవాడి పాయింట్లే లెక్కపెట్టి, కాళ్ళు పట్టి పడగొట్టినవాణ్ని మర్చిపోయినట్టుంటుంది మీ లెక్క. మీరు చూపించేది ఆఖరి తన్ను ఎవరిదో. అంతవరకూ బంతి ఎట్లా వచ్చిందో అందులో లేదు.

వదిన: బాగా చెప్పావ్. కానీ డెనిస్ పేగన్ కోచ్‌గా ఉన్నప్పుడు ఏం చేశాడో కూడా చెప్పు. ముందు సగంలో ఉన్న మిగతా ఫార్వర్డ్‌లందర్నీ పైకి పిలిపించుకుని, గోలు ముందు నేలంతా ఖాళీ చేయించి కేరీ ఒక్కడికే వదిలాడు. ‘పేగన్స్ ప్యాడక్’ అని దానికి పేరే పడింది. అంటే కేరీ కూడా ఫుల్ ఫార్వర్డ్‌లకు దక్కే సుఖం బాగానే అనుభవించాడు. ముగ్గురి మధ్యలో అస్తమానం నలిగిపోయాడని చెప్తే ఎట్లా?

మరిది: అతను అంత బలవంతుడు కాబట్టే పేగన్ ఆ పని చెయ్యగలిగాడు. ఇంకొకణ్ని ఒంటరిగా వదిలి చూడండి, బంతి వెళ్ళినంత వేగంగా తిరిగొస్తుంది. ఇంకో సంగతి. కేరీ 21 ఏళ్ళకు 1993లో కెప్టెన్ అయ్యాడు. 1994 నుంచి 2000 దాకా, ఏడేళ్ళూ వరసగా, నార్త్ ప్రిలిమినరీ ఫైనల్‌కు, అంటే గ్రాండ్ ఫైనల్ ముందు మెట్టుకు, చేరింది. 1996లో ఒకటి, 1999లో ఒకటి కప్పులు. డబ్బుల్లేని చిన్న క్లబ్బది వదినా.

వదిన: నాయకత్వాన్ని లెక్కలోకి తెస్తే 2002 కూడా రావాలి మరి. ఆ కెప్టెనే జట్టు నమ్మకం పోగొట్టుకుని, సీజను మొదలవకముందే క్లబ్బు వదిలి పోవాల్సి వచ్చింది. కావాల్సింది తీసుకుని మిగతాది గుమ్మం బయట పెడితే కుదరదు.

మరిది: దాన్ని నేను సమర్థించను. ఆట వరకే మాట్లాడుతున్నా. మళ్ళీ హడ్సన్ దగ్గరకు వద్దాం. ఆయన ఆడింది గోల్స్ వాన కురిసిన కాలంలో. 1969లో రూలు మారింది. బంతి నేల తాకకుండా నేరుగా గీత దాటితే అవతలివాళ్ళకు ఫ్రీ కిక్. అంతకు ముందు భయం వేస్తే అంచు వెంబడి తన్నేసి ఊపిరి పీల్చుకునేవాళ్ళు. రూలు వచ్చాక అందరూ నడిమధ్య నుంచే ఆడాల్సి వచ్చింది. నడిమధ్య నుంచి వచ్చే బంతి తిన్నగా ఫుల్ ఫార్వర్డ్ గుండెల మీదికి వస్తుంది. దానికి తోడు 1970 నుంచి సీజనుకు 22 రౌండ్లు. చూడండి ఏమైందో: కాలింగ్‌వుడ్ పీటర్ మెకెన్నా 1970లో 143, తర్వాతి ఏడు 134, ఆ తర్వాత 130. కార్ల్‌టన్ అలెక్స్ జెసొలెంకో 115. వీళ్ళంతా ఒక్కసారిగా మొనగాళ్ళయిపోయారా? రూలు చేసిన మేలు కాదూ? 1930ల కథా ఇదే. 1925 నుంచి 1938 దాకా, బంతిని గీత దాటించిన చివరివాడి మీద ఫ్రీ కిక్ ఇచ్చేవాళ్ళు. అప్పుడూ నడిమధ్య ఆటే. సౌత్ మెల్‌బోర్న్ బాబ్ ప్రాట్ ఒక్క సీజనులో 150 కొట్టింది 1934లో. ఆ 150ని హడ్సన్ అందుకుంది 1971లో. రెండు శిఖరాలూ రెండు రూళ్ళ నీడలోనే ఉన్నాయి.

వదిన: రూలు ఎప్పుడొచ్చిందన్నావ్?

మరిది: 1969.

వదిన: హడ్సన్ 1968లో ఎన్ని కొట్టాడు? 125. పాత రూలే, 22 రౌండ్లు కూడా లేవు, 20. మా జట్టు ఫైనల్స్‌కు కూడా రాలేదు. ఆ వాన పడకముందే ఆయన చెరువు నిండింది. ఇంకా విను. 1972లో మొదటి మ్యాచ్. సగం ఆట కాకముందే 8 గోల్స్ కొట్టాడు, అంతలో మోకాలు పోయింది. ఆ సీజనంతా పోయినట్టే. 1973లో టాస్మానియా నుంచి విమానంలో వచ్చి, వేవర్లీ మైదానానికి హెలికాప్టర్లో దిగి, కాలింగ్‌వుడ్ మీద 8 కొట్టాడు. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళిపోయి, 1977లో తిరిగొచ్చి ఆ దెబ్బతిన్న మోకాలితోనే 110. దీంట్లో రూలు చేసిన మేలెంతో నువ్వే చెప్పు.

(ఈ ముక్క దగ్గర నా ఓటు వదినకే. మరిది చెప్పిన కారణం నిజం, కానీ అది మెకెన్నాకు అతికినంత బాగా హడ్సన్‌కు అతకదు. అసలు మెల్‌బోర్న్ పోటీ ఒక్కటే ఫుటీ కాదని ఇద్దరికీ గుర్తు చేశాను. అడిలైడ్‌లో కెన్ ఫార్మర్ నార్త్ అడిలైడ్ జట్టుకు 224 మ్యాచ్‌ల్లో 1,417 గోల్స్ కొట్టాడు, 1930 నుంచి వరసగా 11 సీజన్లు వంద దాటాడు. ఇద్దరూ నా వైపు మర్యాదగా చూసి, తమ గొడవలో తాము పడ్డారు. విక్టోరియా వాళ్ళకు పక్క రాష్ట్రం చరిత్ర చెవికెక్కదు, వలస వచ్చిన విక్టోరియన్లకు అసలే ఎక్కదు.)

మరిది: సరే, హడ్సన్‌కు ఆ మర్యాద ఇస్తాను. కానీ గోల్స్ లెక్క మనిషిని ఎట్లా మోసం చేస్తుందో చూపిస్తా. 1989 గ్రాండ్ ఫైనల్. మీ హాథార్న్, జీలాంగ్. గ్యారీ ఆబ్లెట్ ఎన్ని కొట్టాడు?

వదిన: తొమ్మిది. గ్రాండ్ ఫైనల్లో అంతకు మించి ఎవరూ కొట్టలేదు. 1928లో కొవెంట్రీ కొట్టినన్ని.

మరిది: ఆబ్లెట్ 9 కొట్టినా జీలాంగ్ ఓడింది. అదే రోజు మీ డెర్మట్ బ్రెరిటన్‌ను చూడండి. ఆట మొదలుపెట్టే బౌన్సుకే జీలాంగ్ మార్క్ యేట్స్ పరుగెత్తుకొచ్చి గుద్దేశాడు. పక్కటెముకలు పోయాయి, మైదానంలోనే వాంతి చేసుకున్నాడు. బయటికి రమ్మంటే రాలేదు. కాసేపటికే మార్క్ పట్టి గోల్ కొట్టాడు. ఆ రోజు అతనివి మూడే గోల్స్. కానీ జీలాంగ్ ఆ దెబ్బతో హాథార్న్‌ను బెదిరిద్దామనుకుంటే, బ్రెరిటన్ లేచి నిలబడ్డంతో బెదిరింది జీలాంగే. మొదటి క్వార్టరు అయ్యేసరికి మీవాళ్ళు 40 పాయింట్లు ముందున్నారు. సెంటర్ హాఫ్ ఫార్వర్డ్ అంటే నా ఉద్దేశం అది. ఆ మూడింటినీ ఈ తొమ్మిదింటినీ ఒకే తక్కెట్లో ఎట్లా వేస్తారు?

వదిన: మా బ్రెరిటన్‌ను తెచ్చి నా మీదే ప్రయోగిస్తున్నావ్, బాగుంది. కానీ ఆ స్కోరు పూర్తిగా చదువు. హాథార్న్ 21 గోల్స్, 18 బిహైండ్లు. జీలాంగ్ 21 గోల్స్, 12 బిహైండ్లు. గోల్స్ సమానం! 144కు 138. మేం గెలిచింది గురి తప్పిన తన్నులతో. 40 వెనకబడ్డ జట్టు ఆరు పాయింట్ల దాకా వచ్చిందంటే ఎవరి చలవ? ఆబ్లెట్ 9 లేకపోతే అది మ్యాచ్చే కాదు. ఓడినా ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి నార్మ్ స్మిత్ మెడల్ అతనికే ఇచ్చారు, ఇచ్చినవాళ్ళకు కళ్ళు లేకనా?

మరిది: ఆబ్లెట్‌ను మెచ్చుకోవడానికి నాకేం అడ్డు లేదు. 1993కు ముందు అతను ఎక్కువగా పక్కల్లో, వింగుల్లో ఆడినవాడు. ముప్పై దాటాక కోచ్ మాల్కం బ్లైట్ గోలు ముందు నిలబెడితే వరసగా మూడేళ్ళు వంద దాటాడు. అంటే ఫుల్ ఫార్వర్డ్ పని తెలివైనవాడు ముప్పై దాటాక కూడా నేర్చుకోవచ్చు. సెంటర్ హాఫ్ ఫార్వర్డ్ పని అట్లా నేర్చుకున్నవాణ్ని ఒక్కణ్ని చూపించండి.

వదిన: ఆబ్లెట్ చేశాడంటే అందరూ చెయ్యగలరని లెక్క కాదు. అతను మైదానంలో ఎక్కడ నిలబెట్టినా అంతే.

మరిది: సరే, 1996 గ్రాండ్ ఫైనల్. ఇది ఇంకా సూటిగా ఉంటుంది, ఒక పక్క లాకెట్, ఇంకో పక్క కేరీ. సిడ్నీకి లాకెట్ ఆరు గోల్స్ కొట్టాడు. సిడ్నీ 43 పాయింట్లతో ఓడింది. ఆ ఏడాది లీగుకు నూరేళ్ళని బంగారు రంగు కప్పు చేయించారు, దాన్ని ఎత్తింది కేరీ. బంతి లాకెట్ దాకా రానిస్తే ఆరు కొడతాడు. నార్త్ ఆ బంతిని మధ్యలోనే ఆపింది.

వదిన: మంచిది, లాకెట్ దగ్గరకే వచ్చావ్. అతను ఎందుకు నా మొదటి పేరు కాదో ఇప్పుడు చెప్తా. బలంలో, గురిలో లాకెట్‌కు సాటి లేదు. 1991లో 17 మ్యాచ్‌ల్లో 127. ఆ సగటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ ఎన్నాళ్ళు మైదానంలో ఉన్నాడు? 1983 నుంచి 1999, మళ్ళీ 2002లో మూడు మ్యాచ్‌లు. మొత్తం 281. ఆ మూడూ వదిలేస్తే 17 సీజన్లకు 278, అంటే సీజనుకు 16. డన్‌స్టల్ 14 సీజన్లలో 269, అంటే సీజనుకు 19. మిగతా వారాలు లాకెట్ గాయాలతో ఉండేవాడు, లేదంటే సస్పెన్షన్లో. 1994 సిడ్నీ మీద మ్యాచ్ గుర్తుందా, అప్పుడు లాకెట్ ఆడే సెయింట్ కిల్డా 51 పాయింట్లు వెనకబడి ఒక్క పాయింటుతో గెలిచింది. లాకెట్ 11 గోల్స్. అదే మ్యాచ్‌లో సిడ్నీ పీటర్ కేవెన్ మొహం పగలగొట్టి ఎనిమిది వారాలు బయట కూర్చున్నాడు. ఒక్క మ్యాచ్ గెలిపించి, ఎనిమిది మ్యాచ్‌లకు లేకుండా పోయినవాణ్ని మొదటి పేరుగా రాసుకోను.

మరిది: మరుసటి ఏడు ఆ సిడ్నీకే వెళ్ళి, ఆ కేవెన్ పక్కనే ఆడాడు కూడా. ఫుటీ అంటే నాకు అందుకే ఇష్టం. అయితే ఇక్కడ నేను లాకెట్ పక్షం వదినా. మీ డన్‌స్టల్ వెనక ఎవరున్నారు? ఎనభైల హాథార్న్. 1986, 88, 89, 91 కప్పులు. బంతి పళ్ళెంలో పెట్టి అందించే మనుషులు. లాకెట్ వెనక ఎవరున్నారు? సెయింట్ కిల్డా, ఏడాదేడాదీ అడుగునే. అక్కడ ఆడుతూ 1987లో 117 కొట్టి బ్రౌన్‌లో మెడల్ తెచ్చుకున్నాడు. మొత్తం పోటీలో ఉత్తమ ఆటగాడి మెడల్. గోలు ముందు నిలబడే ఫుల్ ఫార్వర్డ్‌కు అది వేరే ఎవరికీ రాలేదు.

వదిన: ఆ మాట నిజమే, బరువైన మాట కూడా. కానీ డన్‌స్టల్‌కు పళ్ళెంలో పెట్టి అందించారన్న కాలం ముగిశాకే అతని పెద్ద సీజన్ వచ్చింది. 1992లో కప్పు మాది కాదు. అతను 145. ఆ ఏడే రిచ్‌మండ్ మీద ఒక్క మ్యాచ్‌లో 17, ఫ్రెడ్ ఫ్యానింగ్ 1947లో కొట్టిన 18కి ఒక్కటి తక్కువ. మరుసటి ఏడు 123. క్లబ్బులో ఉత్తమ ఆటగాడి బహుమతి నాలుగుసార్లు, మిడ్‌ఫీల్డ్ నిండా మేటివాళ్ళున్న క్లబ్బులో! అది గోల్స్ లెక్కపెట్టి ఇచ్చే బహుమతి కాదు. బంతి చేజారితే డిఫెండర్ వెంట పడి పడగొట్టేవాడు. మెరుగైన చోట ఇంకొకడుంటే తను తన్నకుండా వాడికిచ్చేవాడు. నువ్వు కేరీ గురించి చెప్పిన కనబడని పనంతా ఇదే కదా. అది చేస్తూనే మ్యాచ్‌కు నాలుగున్నర గోల్స్ పైన కొట్టాడు. నీ వాదన ఒప్పుకున్నా గెలిచేది మావాడే.

మరిది: అవన్నీ బాగున్న రోజుల లెక్కలు.

వదిన: బాగోలేని రోజుది కావాలా? 1996 ఆగస్టు చివర. క్లబ్బు దగ్గర డబ్బుల్లేవు. మా హాథార్న్‌నూ, మెల్‌బోర్న్ జట్టునూ ఒకటి చేసేద్దామని పెద్దలు నిర్ణయించేశారు, సభ్యుల ఓటే మిగిలింది. షెడ్యూలు ఎట్లా కుదిరిందో ఏమో, ఆఖరి రౌండులో ఆ రెండు జట్లకే మ్యాచ్. ఎంసీజీలో, రాత్రి పూట. మీ అన్నయ్యా నేనూ వెళ్ళాం. గెలిస్తేనే మాకు ఫైనల్స్. డన్‌స్టల్ సీజన్ వందకు పది దూరంలో ఉన్నాడు. అప్పటికి 32 ఏళ్ళు, ఎన్ని ఆపరేషన్లయ్యాయో. సరిగ్గా పది కొట్టాడు. ఆ రాత్రి తల్చుకుంటే నీ పేరు కూడా మర్చిపోతున్నా. ఒక్క పాయింటుతో గెలిచాం. ఆట అయ్యాక మా క్రిస్ లాంగ్‌ఫర్డ్ జెర్సీ విప్పి, జనానికి కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు. సెప్టెంబరులో ఓటు పెడితే మా సభ్యులు విలీనం వద్దన్నారు. క్లబ్బు మిగిలింది. ఆ తర్వాత ఇన్ని కప్పులు వచ్చాయి. ఆ పదిలో ఒక్కటి తగ్గినా?

మరిది: ...మీరు దీన్ని ముందే దాచుకున్నారు.

వదిన: లేదు, నువ్వడిగావు.

(మరిది కాసేపు ఆగాడు. క్లబ్బును కాపాడింది ఓటు, ఓటును మార్చింది గోల్స్ అని ఎవరూ రుజువు చెయ్యలేరు. కానీ ఆ రాత్రి ఎంసీజీలో ఉన్నవాళ్ళతో ఆ మాట అనే ధైర్యం నాకూ రాలేదు.)

మరిది: సరే, మీరు లాకెట్ గురించి ఒక్కటి మర్చిపోయారు. అదే 1996, ప్రిలిమినరీ ఫైనల్, సిడ్నీలో. ఎస్సెండన్ మీద స్కోరు సమం. గజ్జల దగ్గర గాయంతోనే ఆడుతున్నాడు లాకెట్. ఆఖరి క్షణాల్లో గోలుకు 50 మీటర్లకు పైన మార్క్ పట్టాడు, సైరన్ మోగాక తన్నాడు. బిహైండ్. ఆ ఒక్క పాయింటుతో సిడ్నీ గ్రాండ్ ఫైనల్‌కు వెళ్ళింది. 1,360 గోల్స్ కొట్టినవాడి తన్నుల్లో జనం ఎక్కువగా చెప్పుకునేది గోల్ కాని తన్ను. ఇంకా గోల్సే కొలమానం అంటారా?

వదిన: ఆ క్షణంలో బంతి అతని చేతిలో ఎందుకుంది? అతను గోల్స్ కొడతాడని కాబట్టే అటు తన్నారు. సరే, ఈ మధ్య వాళ్ళ దగ్గరకు రా. లాన్స్ ఫ్రాంక్లిన్‌ను ఎక్కడ పెడతావ్?

మరిది: నా వైపు.

వదిన: హాథార్న్ వాడు, నీ వైపెట్లా వస్తాడు?

మరిది: అతని ఆట చూస్తే వస్తాడు. ఎడమ కాలు, ఇంచుమించు రెండు మీటర్ల పొడవు, గోలు ముందు నిలబడేవాడు కాదు. వింగు దాకా వచ్చి బంతి అందుకుని, నాలుగు బౌన్సులు కొట్టుకుంటూ అంచు వెంబడి పరుగెత్తి, వంపు తిరిగి 50 మీటర్ల నుంచి తన్నేసేవాడు. ఫుల్ ఫార్వర్డూ కాదు, సెంటర్ హాఫ్ ఫార్వర్డూ కాదు. కేరీ తెరిచిన దారిలో ఇంకా దూరం పోయినవాడు.

వదిన: 354 మ్యాచ్‌లు, 1,066 గోల్స్. సీజనులో వంద కొట్టిన ఆఖరి మనిషి, 2008లో. దాంట్లో నీ దారి ఎక్కడుంది, నా లెక్కే ఉంది. ఆ రాత్రి కూడా గుర్తుందా? ఆఖరి రౌండు, కార్ల్‌టన్ మీద. ఫ్రాంక్లిన్ వందో గోల్ కొట్టగానే జనం మైదానంలోకి దూకారు. అదే మ్యాచ్‌లో అటు పక్క బ్రెండన్ ఫెవోలా కూడా వంద కోసమే తన్నుతున్నాడు. 99 దగ్గర ఆగిపోయాడు.

మరిది: ఆ 2008 గురించే చెప్తా, వినండి. ఆ ఏడే మీ కోచ్ అలస్టర్ క్లార్క్‌సన్ కొత్త పద్ధతి తెచ్చాడు. మనిషికి మనిషిని కాయడం మాని, జట్టంతా గుంపుగా మైదానాన్ని కమ్మేసి అవతలివాళ్ళ బంతికి దారి లేకుండా చెయ్యడం. దాన్ని ‘క్లస్టర్’ అన్నారు. దాంతోనే జీలాంగ్‌ను ఓడించి కప్పు కొట్టారు. మిగతా జట్లన్నీ దాన్ని నేర్చుకున్నాయి. అప్పట్నుంచి ఫుల్ ఫార్వర్డ్ ముందు ఖాళీ నేల అనేదే లేదు. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో జట్టు స్కోరు సగటున వందకు అటూ ఇటూ ఉండేది, ఇప్పుడు ఎనభైల్లో ఉంటోంది. 2019లో ప్రతి సెంటర్ బౌన్సుకూ ముందు, మధ్య, వెనక ఆరుగురేసి ఉండాలని రూలు తెచ్చి చూశారు, వంద మాత్రం తిరిగి రాలేదు. అంటే ఆఖరి వంద కొట్టినవాడి జట్టే ఆ తలుపు మూసింది. తలుపు మూశాక కూడా ఫ్రాంక్లిన్ 2011లో, 2014లో, 2017లో కోల్మన్ మెడల్ తెచ్చుకున్నాడు, పోటీలో అందరికన్నా ఎక్కువ గోల్స్‌కు. వందల లెక్కలో చూస్తే ఆ ఏళ్ళు చిన్నవి. నాకు అవే పెద్దవి.

వదిన: ఇది ఒప్పుకుంటా. ఒక్కో కాలానికి ఒక్కో తూకపు రాయి ఉండాలి. నేను వద్దన్నది ఒక్కటే, రాయే లేకుండా చేత్తో ఎత్తి చూసి బరువు చెప్పడం. ఇంకో మాట, 2012లో లాన్సెస్టన్లో ఫ్రాంక్లిన్ ఒకే మ్యాచ్‌లో 13 కొట్టాడు. ఎవరి మీదో చెప్పు.

మరిది: మీకు తెలుసు.

వదిన: నీ నోటితో వినాలని.

మరిది: నార్త్ మెల్‌బోర్న్ మీద. సరేనా? ఇంక జట్టు రాద్దాం. నా కేరీ మీదికి మీరు ఎవర్ని వదుల్తారు?

వదిన: వెస్ట్ కోస్ట్ గ్లెన్ జాకోవిచ్. కేరీకి ఊపిరి సలపనివ్వనివాడు ఎవరన్నా ఉన్నారంటే అతనే. నా డన్‌స్టల్ మీదికి?

మరిది: ఇంకెవరు, స్టీఫెన్ సిల్వాన్యి. శతాబ్దపు జట్టులో ఫుల్ బ్యాక్ అతనే.

వదిన: బాగుంది. సిల్వాన్యి వందో నిమిషం దాకా డన్‌స్టల్ వెంట పరుగెత్తి అలిసిపోతాడు. అప్పుడు డన్‌స్టల్‌ను బయటికి పిలిచి, బెంచీ మీదున్న లాకెట్‌ను లోపలికి పంపుతా.

మరిది: ఏంటీ! లాకెట్‌ను వద్దన్నారుగా?

వదిన: మొదటి పేరుగా వద్దన్నా. జట్టులోనే వద్దని ఎప్పుడన్నాను?

మరిది: ఇది అన్యాయం వదినా.

వదిన: ఇప్పటి రూలు ప్రకారం మ్యాచ్‌కు 75 సార్లు మార్చుకోవచ్చు. రాసుకో, లాకెట్, ఇంటర్‌చేంజ్.